చలికాలంలో వన్యప్రాణుల బారి నుండి లేత తోటల రక్షణ – న్యాల్‌కల్ ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

పండ్లతోట నాటిన తొలి రెండు మూడేళ్లలో వేసవిలో ఎండిపోయే మొక్కల నష్టాన్నంతటినీ ఎండల ఖాతాలో వేయడం మన మెట్ట ప్రాంతాల్లో పరిపాటి. అయితే ఎండిన మొక్కను పెరికి దాని మొదలును శ్రద్ధగా పరిశీలిస్తే కొన్నింటిలో వేరే కారణం బయటపడుతుంది. నేలమట్టం నుండి జానెడు, మూరెడు ఎత్తు లోపల కాండం చుట్టూ బెరడు ఒలిచిన గుర్తు పాతబడి, నల్లబడి ఉంటుంది. అది వేసవిలో తగిలిన గాయం కాదు. పుష్య, మాఘ మాసాల్లో ఏదో ఒక జంతువు పంటికి చిక్కిన మొక్క, వైశాఖం వరకు పచ్చగానే నిలిచి, ఆ తరువాత ఎండింది.

ఈ జాప్యానికి కారణం కాండం నిర్మాణంలోనే ఉంది. వేరు నుండి ఆకుకు నీరు చేరవేసే దారువు లోపలి భాగంలో ఉంటుంది. ఆకులో తయారైన ఆహారాన్ని వేరుకు చేరవేసే పోషక కణజాలం బెరడుకు అంటుకొని వెలుపల ఉంటుంది. జంతువు బెరడును చుట్టూ ఒలిచినప్పుడు తెగేది ఈ రెండవ మార్గం. నీరు పైకి పోతూనే ఉంటుంది కనుక ఆకులు వాడవు. వేరు మాత్రం ఆహారం అందక, నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని ఖర్చు చేసుకుంటూ, కొత్త పీచువేళ్లు పుట్టించలేని స్థితికి వస్తుంది. చలికాలంలో ఆకుల నుండి నీటి ఆవిరి తక్కువ కాబట్టి ఆ లోపం బయటపడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీటి అవసరం పెరిగినప్పుడు బలహీనపడిన వేరు దానిని తీర్చలేదు. రైతు అప్పుడు తడి పెంచుతాడు. ఆహారం అందని వేరుకు ఎంత తడి ఇచ్చినా ప్రయోజనం ఉండదు. నష్టం జరిగిన కాలానికి, నష్టం కనిపించిన కాలానికి మధ్య మూడు నాలుగు నెలల ఎడం ఉండటం వల్ల రక్షణ చర్యలు కూడా కాలం తప్పి జరుగుతున్నాయి.

న్యాల్‌కల్ పరిస్థితులు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ డివిజన్‌లోని న్యాల్‌కల్ మండలం కర్ణాటకలోని బీదర్‌కు ఆనుకొని, మంజీర నదికి దగ్గరగా ఉంది. నల్లరేగడి భూములు ఎక్కువ. వానాకాలంలో కంది, పెసర, మినుము, సోయా, పత్తి. యాసంగిలో శనగ, జొన్న, కుసుమ. నీటి వసతి ఉన్నచోట చెరకు సాగులో ఉన్నాయి. మామిడి, జామ తోటలు, గట్ల మీద టేకు, కొందరి పొలాల్లో శ్రీగంధం, మలబారు వేప కూడా కనిపిస్తున్నాయి. చలికాలంలో రాష్ట్రంలోని అత్యల్ప ఉష్ణోగ్రతల జాబితాలో కోహీర్, న్యాల్‌కల్ పేర్లు తరచు వినబడతాయి. రాత్రి ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోయే రోజుల్లో మొక్క పెరుగుదల మందగిస్తుంది. గాయం పూడటం కూడా అంతే నెమ్మదిస్తుంది.

చెట్ల సంరక్షణపై ఐరోపా, అమెరికా పుస్తకాలు చదివే విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరం. ఆ దేశాల్లో గడ్డి మంచు కింద కప్పబడిపోవడం వల్ల జింకలు, కుందేళ్లు బెరడు వైపు మళ్లుతాయి. పొలపు చిట్టెలుకలు మంచు పొర కిందనే సొరంగాలు చేసుకొని ఆపిల్ చెట్ల మొదళ్లను ఒలుస్తాయి. మన దగ్గర మంచు లేదు, కానీ ఫలితం అలాంటిదే. కార్తీకం దాటేసరికి బీళ్లలో గడ్డి ఎండి పీచుగా మారుతుంది. చుట్టుపక్కల తడి తగిలే, పచ్చగా ఉండే లేత మొక్క డ్రిప్పు కింద ఉన్న తోట మొక్కే అవుతుంది. అక్కడ కాపు కాయవలసినది మంచు కురిసే రోజుల్లో అయితే, ఇక్కడ కాపు కాయవలసినది గడ్డి ఎండిన నాటి నుండి వేసవి జల్లులకు మళ్లీ చిగురించే వరకు.

దీనికి తోడు పంటకోతల వరుస కూడా ఈ కాలంలోనే వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కంది కోత పూర్తయితే పొలం ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. కృష్ణజింక ఎత్తైన, గుబురైన పైరులోకి వెళ్లడానికి ఇష్టపడదు. దూరం వరకు కనబడే మైదానమే దానికి రక్షణ. కాబట్టి కంది నిలిచి ఉన్నంత కాలం తోటకు రాని మంద, కోత తరువాత నేరుగా వస్తుంది. అడవిపంది స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అది చెరకు తోటలో దాగి ఉంటుంది. నవంబరు నుండి చెరకు నరుకుడు సాగుతున్నకొద్దీ ఒక్కొక్క మడి నుండి తరలి, పక్కనున్న తడి పాదుల మీద పడుతుంది. ఎవరి చెరకు ఏ వారంలో నరుకుతున్నారో తెలుసుకోవడం పక్క తోట రైతుకు ఎంతో ఉపయోగం. ఇంత చిన్న సమాచారానికి మన విస్తరణ సలహాల్లో చోటు లేకపోవడం విచారకరం.

పంటిగాటును చదవడం

రక్షణ పద్ధతిని ఎంచుకునే ముందు నష్టం చేసిన జంతువును గుర్తించాలి. గుర్తించకుండా వేసిన కంచె చాలాసార్లు వేరే జంతువును ఆపుతుంది.

కుందేలుకు, అంటే మన రైతులు చెవులపిల్లి అని పిలిచే జంతువుకు, పైన కింద పదునైన కొరుకుడు పళ్లు ఉంటాయి. అది కొరికిన రెమ్మ కొస చాకుతో ఏటవాలుగా కోసినట్లు నున్నగా ఉంటుంది. గాటు సాధారణంగా రెండడుగుల ఎత్తు దాటదు. తెగిన రెమ్మ తినకుండా పక్కనే పడి ఉండటం కూడా కద్దు. జింక, మేక, పశువులకు పై దవడలో ముందు పళ్లు ఉండవు. రెమ్మను పట్టి లాగి తెంపుతాయి కనుక కొస పీచు పీచుగా చిరిగి ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గాటును మాత్రమే చూసి మేకకు, కృష్ణజింకకు తేడా చెప్పలేము. గిట్టల జాడ, పెంటికలు, మంద వచ్చిన వేళ కలిపి చూడాలి. ఊరి మేకల మంద చేసిన నష్టం జింకల మీద వేయడం, జింకల నష్టానికి మేకల కాపరితో తగవు పెట్టుకోవడం రెండూ పల్లెల్లో జరుగుతున్నాయి. తగువు తీర్చవలసిన విస్తరణ అధికారి ముందుగా నేల మీది జాడలు చూడటం మంచిది. మగ కృష్ణజింక తన హద్దు మీద ఒకేచోట పదేపదే పేడ వేస్తుంది. తోట అంచున అలాంటి పెంటికల కుప్ప కనబడితే సందేహం అక్కరలేదు. మగ జింక కొమ్ములతో లేత కాండాన్ని రుద్దడం వల్ల బెరడు నిలువు చీలికలుగా ఊడుతుంది. ఇది తిండి కోసం చేసిన నష్టం కాదు కనుక ఆకులు చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఏదుపంది బెరడును మొదలు దగ్గర వెడల్పాటి గాట్లతో చెక్కుతుంది. చెక్కిన పొట్టు నేల మీద పడి ఉంటుంది. పక్కనే తవ్విన గుంట, ఒక్కోసారి రాలిన ముల్లు కూడా దొరుకుతాయి. అడవిపంది సాధారణంగా బెరడు తినదు. పాదులోని వానపాములు, వేరుపురుగుల కోసం మూతితో మట్టిని పెళ్లగిస్తుంది. ఆ క్రమంలో ఆరు నెలల మొక్క వేరుతో సహా పైకి వస్తుంది. తెల్లవారేసరికి వేరు ఎండకపోతే తిరిగి నాటి బతికించుకోవచ్చు. కనుక ఉదయపు పరిశీలన ఒక్క రోజు కూడా తప్పకూడదు. పెద్ద చెట్ల కాండం మీద మోకాలెత్తున ఎండిన బురద పూత కనబడితే అది పంది ఒళ్లు రుద్దుకున్న గుర్తు. ఎలుకల గాట్లు సన్ననివి, నేలమట్టానికి దగ్గరగా, గడ్డి కప్పిన పాదులలో ఎక్కువ. మల్చింగు చేసిన రైతు కాండం చుట్టూ జానెడు మేర ఖాళీ వదిలితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. కోతులు, నెమళ్ల బెడద వేరు; అవి పగటి పూట వస్తాయి, కంటికి కనబడతాయి. వాటిని ఇక్కడ ప్రస్తావించడం లేదు.

మొక్క చుట్టూ రక్షణా, చేను చుట్టూ కంచా?

ఈ ప్రశ్నకు రైతుకు లెక్కతో సమాధానం చెప్పాలి. చతురస్రాకారపు ఎకరం పొలానికి చుట్టుకొలత సుమారు 255 మీటర్లు. మొక్క చుట్టూ రెండడుగుల వ్యాసంతో జాలీ తొడుగు వేయడానికి, అతుకుతో కలిపి, 2 మీటర్ల జాలీ కావాలి. మామిడి 10×10 మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి 40 మొక్కలు. జాలీ 80 మీటర్లు సరిపోతుంది. స్తంభాలు, గేటు, కూలి ఖర్చు కూడా లేవు. అదే 5×5 మీటర్ల సాంద్ర పద్ధతిలో 160 మొక్కలకు 320 మీటర్ల జాలీ కావాలి, అది చేను చుట్టుకొలతను మించిపోతుంది. అంటే ఎకరం పొలంలో సుమారు 125 మొక్కల లోపు అయితే విడి తొడుగు, అంతకు మించితే కంచె లాభదాయకం. విస్తీర్ణం పెరిగితే లెక్క కంచె వైపు మొగ్గుతుంది, ఎందుకంటే నాలుగెకరాల చతురస్రానికి చుట్టుకొలత నాలుగింతలు కాదు, రెండింతలు మాత్రమే (సుమారు 510 మీటర్లు). పక్కపక్కన ఎకరం చొప్పున ఉన్న నలుగురు రైతులు విడివిడిగా కంచె వేసుకుంటే 1,020 మీటర్లు, కలిసి వేసుకుంటే అందులో సగం. ఈ సగం మిగులును చూపించి నలుగురినీ ఒప్పించగలిగితే, పది సలహా కరపత్రాల కంటే అది మెరుగైన విస్తరణ పని అని నా అభిప్రాయం.

తొడుగు ఎత్తును జంతువు నిర్ణయిస్తుంది. కుందేలుకు రెండున్నర అడుగులు చాలు. జాలీ కన్ను అంగుళం దాటకూడదు. కోళ్ల జాలీ ఇందుకు బాగా పనికివస్తుంది. కృష్ణజింకకు అయిదడుగుల ఎత్తు కావాలి. అంతకంటే ముఖ్యంగా, జాలీ కాండానికి అడుగు దూరంలో ఉండాలి, లేకపోతే కన్నుల గుండా బయటికి వచ్చిన చిగురును మేస్తుంది. ఎలుకలకు పావు అంగుళం కన్ను గల జాలీని మొదలు చుట్టూ వేసి, మూడు నాలుగు అంగుళాలు మట్టిలోకి దించాలి. ఏదుపంది ప్లాస్టిక్ గొట్టాన్ని సైతం కొరుకుతుంది. దానికి ఇనుప జాలీనే, అడుగు లోతు పాతి వాడాలి. పందికి తొడుగు అడ్డు కాదు, తోసి పడేస్తుంది. జాలీ కొనలేని చోట తుమ్మ, రేగు కంప మొక్క చుట్టూ కట్టడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ నమ్మదగినది. చెదలు పట్టి ఒకే చలికాలానికి పనికివస్తుందన్నది దాని లోపం. ఏ తొడుగునైనా ఏటా వానాకాలం ముందు విప్పి వదులు చేయాలి. 2015లో మొదలైన హరితహారంలో రోడ్ల వెంట నాటిన మొక్కలకు వేసిన కొన్ని గార్డుల కడ్డీలు ఇప్పుడు కాండంలోకి దిగబడి ఉండటం ప్రయాణికులెవరైనా చూడవచ్చు. రక్షణకు వేసినదే చివరికి బెరడును కోస్తోంది.

కుసుమ సాళ్లు

ఈ ప్రాంతానికి సొంతమైన రక్షణ ఒకటి ఉంది. జొన్న, శనగ చేల అంచున కుసుమ సాళ్లు వేయడం దక్కన్ రైతులకు తరతరాలుగా తెలుసు. రాజేంద్రనగర్‌లోని సకశేరుక చీడల యాజమాన్య పరిశోధన విభాగం కూడా అడవిపందుల నివారణకు పంట చుట్టూ కుసుమ సాళ్లను సిఫారసు చేసింది. లేత తోటకు కూడా ఇది సరిగ్గా సరిపోతుందని నేను భావిస్తున్నాను, ఎందుకంటే ముప్పు కాలం, కుసుమ పంటకాలం రెండూ దాదాపు ఒకటే. అక్టోబరులో తోట చుట్టూ నాలుగు సాళ్లు, సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల ఎడంలో విత్తాలి. సుమారు రెండు మీటర్ల వెడల్పు పట్టీ ఏర్పడుతుంది. నల్లరేగడిలో నిల్వ తేమతోనే పండుతుంది, గింజ రాబడి అదనం.

అయితే దీని పరిమితిని దాచకుండా చెప్పాలి. కుసుమ మొలిచిన తరువాత దాదాపు నెల రోజులు నేలకు ఆనుకొని, ఆకుల గుత్తిగా, మెత్తగా ఉంటుంది. ఈ దశలో ఆకును మనుషులే కూరగా వండుకుంటారు. జింక వదులుతుందనుకోవడం అమాయకత్వం. కాండం లేచి, కొమ్మలు వేసి, ముళ్లు గట్టిపడిన తరువాతనే అది కంచెగా పనిచేస్తుంది. కాబట్టి డిసెంబరు మధ్య వరకు కుసుమ పట్టీకి బయటి వైపున కంప వేయాలి. ఫిబ్రవరి చివరి నుండి కోతకు వస్తుంది. కోసిన వెంటనే మొదళ్లను దున్నివేయకుండా, ముళ్ల కట్టెను అక్కడే పరచి ఉంచితే ఇంకొక నెల గడుస్తుంది. పూలరేకుల కోసం పెంచే నారి-6 వంటి ముళ్లు లేని రకాలు ఈ పనికి పనికిరావు. విత్తనం ఇచ్చేటప్పుడు ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

శాశ్వత సజీవ కంచెకు వాక్కాయ, గచ్చకాయ అనువైనవి. రెండూ మూడేళ్లకు గాని దట్టం కావు. అంటే తోటకు అత్యంత ప్రమాదకరమైన తొలి చలికాలాలను ఇవి కాపాడలేవు. తోటతో పాటే వీటిని నాటి, అవి ఎదిగే వరకు కుసుమ మీద ఆధారపడటం సరైన కూర్పు. బయటి వరుసల్లో సీతాఫలం నాటడం కూడా ఆలోచించదగినది. దాని ఆకును పశువులు, మేకలు ముట్టవు.

వికర్షకాలు, విద్యుత్తు

గంధకం, కిరోసిన్ కలిపి పూసిన కొబ్బరి తాళ్లు, తల వెంట్రుకలు చల్లడం, కుళ్లిన కోడిగుడ్ల ద్రావణం చల్లడం వంటి పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. వెంట్రుకలు నేలను మూతితో వెతికే పందికి ఇబ్బంది కలిగిస్తాయే గాని, తల ఎత్తి మేసే జింకకు కాదు. గుడ్ల ద్రావణం మొక్క మీద వాన పడే వరకు నిలుస్తుంది కనుక వానాకాలం కంటే చలికాలంలో మేలు. అయితే కొత్తగా వచ్చిన చిగురుకు పూత ఉండదు. చిగురించిన ప్రతిసారీ తిరిగి చల్లాలి. ఏ వాసనకైనా, శబ్దానికైనా జంతువులు కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి. వీటిని ఒకదాని తరువాత ఒకటి మార్చుతూ, కంచె పూర్తయ్యే లోపు వాడే తాత్కాలిక చర్యలుగానే చూడాలి. పాత కరపత్రాల్లో పందుల కోసం ఫోరేట్ గుళికల పొట్లాలు కట్టే సలహా ఇంకా కనిపిస్తోంది. 2020 డిసెంబరు 31 నుండి దేశంలో ఫోరేట్ నిషిద్ధం. ఆ కరపత్రాలను పంచడం ఆపాలి.

అంతకంటే తీవ్రమైనది మెయిన్ లైను నుండి నేరుగా కంచెకు కరెంటు పెట్టడం. ఇది పందిని ఎంచుకోదు. రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చిన పొరుగు రైతు, గేదె, తీగ వేసిన ఇంటి మనిషి కూడా దానికి బలి అవుతున్న వార్తలు తెలుగు జిల్లాల్లో ప్రతి ఏటా చదువుతున్నాము. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటవ షెడ్యూలులో ఉంది. దానిని చంపిన నేరానికి మూడు నుండి ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. లైను నుండి అక్రమంగా కరెంటు లాగడం 2003 విద్యుత్ చట్టం కింద వేరే నేరం. సోలార్ కంచె దీనికి పూర్తిగా భిన్నమైనది. అందులోని యంత్రం సెకనుకు ఒకటికి మించకుండా, అతి స్వల్ప వ్యవధి గల విద్యుత్ తాకిడిని పంపుతుంది. జంతువు అదిరి వెనక్కి తిరుగుతుంది, చావదు. కాకపోతే తీగకు గడ్డి తగిలితే శక్తి వృథా అవుతుంది. తీగ కింద గడ్డి కోయని రైతుకు సోలార్ కంచె పెట్టించడం డబ్బు పారేయడమే. రెండింటికీ మధ్య తేడాను గ్రామసభలో వివరించే బాధ్యతను విద్యుత్ శాఖ మీద మాత్రమే వదిలేయకూడదు.

గాయపడిన మొక్కకు చికిత్స

ఒలిచిన బెరడు కాండం చుట్టుకొలతలో నాలుగవ వంతు లోపు అయితే మొక్క తనంతట తాను కోలుకుంటుంది. ఊగిసలాడే బెరడు అంచులను పదునైన కత్తితో శుభ్రం చేసి, బోర్డో పేస్టు పూస్తే చాలు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో ఈ పేస్టు తయారవుతుంది. సగం దాటితే ప్రమాదం. పూర్తిగా చుట్టూ పోతే, మొక్క వయసును బట్టి నిర్ణయించాలి. ఏడాది లోపు అంటు మామిడిలో గాయం అంటు కట్టుకు పైన ఉంటే, గాయం కిందికి, సజీవమైన మొగ్గ పైకి కత్తిరించాలి. కొత్త కొమ్మ అసలు రకంగానే వస్తుంది. కట్టుకు కింద తెగితే వచ్చేది నాటు చిగురు. దానిని ఉంచి తిరిగి అంటు కట్టడమో, మొక్కను మార్చడమో చేయాలి. ఈ తేడా గమనించని తోటల్లో ఆరేడేళ్ల తరువాత పుల్లని నాటు కాయలు కాసి, నర్సరీ వాడిని నిందించడం జరుగుతుంది. టేకు, మలబారు వేప మొదలు నుండి బలంగా చిగురిస్తాయి. నేలమట్టానికి కోసి, వచ్చిన వాటిలో నిటారైన ఒక్క చిగురును ఉంచాలి. కాపుకొచ్చిన విలువైన చెట్టు అయితే చుట్టూ రెండు మూడు మొలకలు నాటి, వాటి తలలను గాయానికి పైన బెరడులో అంటు కట్టి కాపాడవచ్చు. ఇది ఓపిక, నేర్పు రెండూ కోరే పని.

బీడు భూముల సంగతి

జింకలు తోటకు ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నను వ్యవసాయ శాస్త్రవేత్తలు అటవీశాఖకు వదిలేస్తుంటారు. అది సరికాదు. కృష్ణజింక గడ్డి మైదానపు జంతువు. దాని నివాసమైన బీళ్లను రికార్డులు పనికిరాని భూమిగా రాస్తాయి. ఒకవైపు అవి సాగులోకి, జహీరాబాద్ నిమ్జ్ వంటి పారిశ్రామిక అవసరాల్లోకి పోతున్నాయి. మరోవైపు మిగిలిన వాటిలో పచ్చదనం పేరుతో దట్టంగా చెట్లు నాటుతున్నాము. నీడ కింద గడ్డి తగ్గితే మంద తప్పనిసరిగా చేలలోకి దిగుతుంది. అంటే ఒకచోట మనం నాటిన చెట్లే మరొకచోట రైతు నాటిన చెట్టుకు నష్టం తెస్తున్నాయి. గ్రామ బీడులో కొంత భాగాన్ని గడ్డిగానే ఉంచాలని సిఫారసు చేయడం కూడా తోటల రక్షణ చర్యల్లో ఒకటిగా పరిగణించాలి.

క్షేత్ర పరిశీలన చేసే విద్యార్థులకు

రావెప్ కార్యక్రమంలో ఈ ప్రాంత గ్రామాలకు వెళ్లే విద్యార్థులు నవంబరు మొదటి వారంలో ఎంచుకున్న తోటలోని మొక్కలకు సంఖ్యలు కట్టాలి. చిన్న తోటలో అన్ని మొక్కలకు, పెద్ద తోటలో ప్రతి అయిదవ వరుసకు. పదిహేను రోజులకొకసారి గాటు ఎత్తు, గాటు రకం, ఒలిచిన బెరడు వంతు, చుట్టుపక్కల ఏ పంట కోశారన్నది నమోదు చేయాలి. ఫిబ్రవరితో పని ముగించకుండా అవే మొక్కలను మే చివరలో మరొకసారి చూడాలి. ఆ రెండు పట్టికలు పక్కపక్కన ఉంచినప్పుడే ఎన్ని మొక్కలు ఎండకు, ఎన్ని గాయానికి చనిపోయాయో తేలుతుంది. సరిహద్దు వరుసలను లోపలి వరుసలతో కలపకుండా వేరుగా లెక్కించాలి. జంతువు అంచు నుండే వస్తుంది కనుక రెండింటినీ కలిపితే, వచ్చే సగటు ఏ వరుసకూ వర్తించదు.